కనబడని చక్రము రోమా నుండి వచ్చినదా?
ఆంధ్ర స్తూపముల నిర్మాణముపై ఒక సిద్ధాంతమునకు విమర్శ

ఉపోద్ఘాతము

కోనసీమలో మామిడికుదురు మండలమందలి ఆదుర్రు గ్రామమున, వైనతేయ నదికి సమీపముగా ఒక పాత ఇటుకల కట్టడము కలదు. ఊరివారు దానిని దుబరాజు గుడి అందురు. అది ఒక బౌద్ధ మహాస్తూపము యొక్క అడుగుభాగము. దాని ప్రణాళిక బండిచక్రమును పోలియున్నది. నాలుగు దిక్కుల ఆయక వేదికలు అను ముందుకు పొడుచుకొని వచ్చిన అరుగులు ఉన్నవి. ఈ తరహా స్తూపములలో మధ్యన నాభి, చుట్టును వలయపు గోడ, ఆ రెంటిని కలుపుచు బండిచక్రపు ఆకులవలె అడ్డగోడలు ఉండును. ఆ గోడల నడుమ ఏర్పడిన ఖాళీలకు ద్వారములు లేవు. వాటిని మట్టితో నింపి, పైన అండమును కట్టి, వెలుపల సున్నపు పూత పూయుదురు. పని పూర్తియైన తరువాత ఈ చక్రము ఎవరి కంటికిని కనబడదు.

కనబడని చక్రమును అంత శ్రద్ధతో ఎందుకు కట్టిరి? ఈ ఊహ వారికి ఎక్కడనుండి వచ్చినది? ఈ ప్రశ్నలకు పండితులు ఇచ్చిన జవాబులలో మిక్కిలి ఆసక్తికరమైనది జపాను పండితుడు షోషిన్ కువాయామా ఇచ్చిన జవాబు. గాంధార కళపై 1997లో వెలువడిన ఒక వ్యాససంపుటిలో ఆయన ఈ చక్రాకృతిని రోమా సామ్రాజ్యము నుండి వచ్చిన "గుప్త దిగుమతి"గా వర్ణించెను.

స్తూపములతో కాపరులకును వేదాంత విద్యార్థులకును పని ఏమని చదువరులు అడుగవచ్చును. రెండు సమాధానములు చెప్పుదుము. మొదటిది, రెండు వస్తువుల మధ్య పోలిక కనబడినప్పుడు ఒకటి మరియొకదానినుండి వచ్చినదని ఎప్పుడు చెప్పవచ్చును, ఎప్పుడు చెప్పరాదు అనునది వాక్యభాష్యములో మనకు దినదినము ఎదురగు ప్రశ్న. రెండవది, రోమాతో ఆంధ్రతీరమునకు గల సంబంధమును ఆధారము చేసికొని మన ప్రసంగములలో వినబడు కొన్ని మాటలు సత్యపరీక్షకు నిలుచునవి కావు. కనుక ఈ సిద్ధాంతమును న్యాయముగా వివరించి, పిమ్మట పరీక్షించుటకు పూనుకొనుచున్నాము.

1. సమస్య యొక్క స్వరూపము

తొలినాటి ఆంధ్ర స్తూపములు చక్రాకృతిలో లేవు. కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు స్తూపమును అలెగ్జాండర్ రీ 1892లో పరిశోధించినప్పుడు అది లోపలంతయు ఇటుకతో నిండిన గట్టి కట్టడమని తేలినది. అక్కడి ధాతుకరండముల మీది బ్రాహ్మీ శాసనములు క్రీస్తుకు పూర్వపువి. అయితే అదే రీ పరిశోధించిన ఘంటసాల స్తూపములో వలయపు గోడలు, అడ్డగోడలు, మధ్యన చతురస్రము కనబడినవి. అది భట్టిప్రోలు కంటె తరువాతి కాలపుది.

చక్రాకృతి పూర్ణవికాసమును నాగార్జునకొండలో చూడగలము. ఆ స్థలము 1926లో వెలుగులోనికి వచ్చినది. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, సాగరు నీటిలో లోయ మునుగుటకు ముందు 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము గారి నాయకత్వమున పురావస్తు శాఖవారు అక్కడ త్రవ్వకములు జరిపిరి. సుమారు 106 అడుగుల వ్యాసముగల మహాచైత్యముతో పాటు అనేక చిన్న స్తూపములు బయల్పడినవి. కొన్నిటిలో ఆకులు 4, కొన్నిటిలో 6, కొన్నిటిలో 8, కొన్నిటిలో 10. కొన్నిటి మధ్యభాగమున ఇటుకలతో స్వస్తిక ఆకృతి పేర్చబడినది. ఆకులు లేని గట్టి స్తూపములును అక్కడనే ఉన్నవి. ఇవి క్రీ.శ. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకు రాజుల కాలమునకు చెందినవి.

ఉత్తరమున కూడ ఇట్టివి కలవు. తక్షశిలలో జాన్ మార్షల్ త్రవ్వించిన ధర్మరాజిక స్తూపములో మధ్యనుండి వ్యాపించు 16 గోడలు కనబడినవి. మధురలోని కంకాళీ తిలా వద్ద బయల్పడిన చక్రాకృతి స్తూపము జైనులది. ఈ చివరి సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. దాని అవసరము ముందు కలుగును.

2. కువాయామా సిద్ధాంతము

సిద్ధాంతము యొక్క బలమును తగ్గించి చెప్పుట న్యాయము కాదు. దాని సారము ఇది. భారతదేశపు తొలి స్తూపములలో ఆకుల గోడలు లేవు. రోమా సామ్రాజ్యముతో వర్తకము సాగిన కాలములోను, ఆ తరువాతను, అవి దూరదూర ప్రాంతములలో కనబడసాగినవి. అంతకు ముందే రోమాలో అదే పద్ధతిలో ఒక గొప్ప కట్టడము లేచినది. అది క్రీ.పూ. 28లో ప్రారంభమైన ఔగుస్తు సమాధి. లూకా 2:1లో ప్రజాసంఖ్య వ్రాయవలెనని ఆజ్ఞ ఇచ్చిన కైసరు ఔగుస్తే ఇతడు. సుమారు 87 మీటర్ల వ్యాసముగల ఆ సమాధిలో ఒకదాని లోపల ఒకటిగా వలయపు గోడలు, వాటిని కలుపు అడ్డగోడలు, మట్టితో నింపిన ఖాళీలు ఉన్నవి. తెల్లని రాతి పీఠముపై నిలిచిన, చెట్లతో కప్పబడిన ఎత్తైన మట్టిదిబ్బగా భూగోళశాస్త్రవేత్త స్ట్రాబో దానిని వర్ణించెను. అర్థగోళాకారపు దిబ్బ, లోపల ఎముకలు లేక బూడిద, అడుగున వలయములు, ఆకులు. ఇన్ని అంశములు కలిసినప్పుడు అది యాదృచ్ఛికము కాదని కువాయామా తలంచుట సహజమే.

ఆంధ్రతీరమునకు రోమాతో సంబంధమున్నదనుటలో సందేహము లేదు. టాలెమీ పేర్కొనిన కొంటకోస్సుల అను వర్తకస్థలమును పండితులు ఘంటసాలగా గుర్తించిరి. నాగార్జునకొండలో రోమా బంగారు నాణెములు దొరికినవి. వాటిలో ఒకటి తిబెరి కైసరుది. అక్కడి ఒక శిల్పములో గడ్డము కలిగి, పానపాత్రగా కొమ్మును పట్టుకొనిన విదేశీయ పురుషుడు కనబడును. తమిళ కావ్యమైన మణిమేఖలైలో యవన వడ్రంగుల ప్రస్తావన కలదు. కనుక కువాయామా గాలిలో మేడ కట్టలేదు.

3. నాలుగు ప్రశ్నలు

శామ్యూల్ శాండ్మెల్ అను యూదు పండితుడు 1962లో ప్రచురించిన వ్యాసములో "సామ్యోన్మాదము" అని చెప్పదగిన వ్యాధిని గూర్చి బైబిలు పండితులను హెచ్చరించెను. పోలికను అతిశయింపజేసి, ఆ పోలికనుండి మూలమును, అరువును తేల్చి, ఆ అరువు ఒకే దిశగా ప్రవహించినదని ఊహించుట ఆ వ్యాధి లక్షణము. కుమ్రాను చుట్టలు, రబ్బీల గ్రంథములు, ఫైలో రచనలు చదువువారికి ఆయన చెప్పిన జాగ్రత్త ఇటుకలకును వర్తించును. దానినుండి మేము నాలుగు ప్రశ్నలు కూర్చుకొనుచున్నాము.

మొదటి ప్రశ్న: కాలక్రమము సరిపోవునా? సరిపోవును. రోమా సమాధి ముందుది, నాగార్జునకొండ తరువాతిది. అయితే ముందు వచ్చినది కారణము కావచ్చునే గాని కారణమై తీరదు. తిబెరి నాణెమును గూర్చియు ఒక మాట. తిబెరి క్రీ.శ. 37లో మరణించెను. మహాచైత్యమును పూర్తి చేయించిన ఇక్ష్వాకు రాణివాసపు స్త్రీ చాంతిసిరి అతనికి సుమారు రెండు శతాబ్దముల తరువాతది. బంగారము ఎంతకాలమైనను చేతులు మారును. నాణెము వర్తకమును రుజువు చేయును. కట్టుబడి మేస్త్రీ వచ్చెనని రుజువు చేయదు.

రెండవ ప్రశ్న: ఈ జ్ఞానము ఏ దారిన వచ్చినది? ఇక్కడనే సిద్ధాంతము బలహీనపడుచున్నది. "గుప్త" అను మాటే దానికి చిక్కు తెచ్చుచున్నది. పూర్తియైన ఔగుస్తు సమాధిని చూచిన వర్తకునికి కనబడునది రాతి పీఠము, చెట్లు, దిబ్బ. లోపలి అడ్డగోడలు కనబడవు. వాటిని ఎరిగినవాడు కట్టినవాడే. కనుక వర్తకులు, నాణెములు, మద్యపు కూజాలు చాలవు, మేస్త్రీలే రావలెను. మణిమేఖలైలోని యవన వడ్రంగులు అది అసాధ్యము కాదని చూపుదురు గాని, వారు కొయ్యపనివారు, తమిళదేశపు వారు. ఆంధ్ర స్తూపముల దాతలను పేర్కొను శాసనములు ఎన్నో ఉన్నవి. రాణులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, చర్మకారులు సైతము వాటిలో కనబడుచున్నారు. రోమా మేస్త్రీ ఒకడు స్తూపము కట్టెనని చెప్పు శాసనము లేదు.

మూడవ ప్రశ్న: అవసరమునుబట్టి పుట్టని, కేవలము అనుకరణవలననే రాగల సామ్యము ఏదైనను ఉన్నదా? ఇద్దరు విద్యార్థులు ఒకే లెక్కకు సరియైన ఒకే జవాబు వ్రాసినచో అనుమానింపము. ఇద్దరును ఒకే తప్పు చేసినచో అనుమానింతుము. ఔగుస్తు సమాధిలో నడుమ గదికి పోవు దారి కలదు. ఆంధ్ర స్తూపములో దారి లేదు. స్తూపమున నాలుగు ఆయక వేదికలు, వాటిపై ఐదేసి స్తంభములు, లోపల స్వస్తిక ఉన్నవి. రోమా సమాధిలో ఇవి లేవు. రెంటికిని నిజముగా కలియునది ఒక్కటే: మట్టిని పట్టి ఉంచుటకు వలయములు, ఆకులు. అది లెక్కకు వచ్చిన జవాబు వంటిది.

నాల్గవ ప్రశ్న: ఇంతకంటె దగ్గరి వివరణ ఉన్నదా? ఉన్నదని మా అభిప్రాయము. రోమా శిల్పశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ తన గ్రంథము ఆరవ భాగము 8వ అధ్యాయములో మట్టి నింపిన గోడలను గూర్చి చెప్పుచు, వానకాలమున మట్టి నీరు పీల్చి ఉబ్బి గోడలను వెలుపలికి నెట్టుననియు, లోపల అడ్డగోడలు పెట్టినచో ఆ బరువు విభజింపబడుననియు వివరించెను. అనగా రోమీయులకు ఈ అడ్డగోడలు మతచిహ్నములు కావు, బరువును పంచు ఉపాయము. గోదావరి, కృష్ణా లంకలలో కాపురమున్న వారికి వానకు ఉబ్బు మట్టిని గూర్చి రోమా చెప్పవలసిన పని లేదు. ఏటిగట్టు ఎట్లు జారునో, తడిసిన మట్టిగోడ ఎట్లు కడుపు చేయునో ఇక్కడి రైతుకు తెలియును. రాయి దొరకని డెల్టాలో, ఇటుక కాల్చుటకు కట్టెలు ఖర్చగు చోట, లోపలంతయు ఇటుక నింపుటకు మారుగా ఆకులు కట్టి మట్టి నింపుట పొదుపు. భట్టిప్రోలు నుండి ఘంటసాలకు జరిగిన మార్పునకు ఈ కారణము చాలును.

దీనికి తోడు మరియొక సాక్ష్యము పాత పశ్చిమ గోదావరి జిల్లాలోనే, అనగా 2022 నుండి ఏలూరు జిల్లాగానున్న ప్రాంతములోనే కలదు. కామవరపుకోట సమీపమున గుంటుపల్లి కొండలో తొలిచిన గుండ్రని చైత్యగృహము సాధారణముగా క్రీ.పూ. 2వ శతాబ్దమునకు చెందినదిగా ఎంచబడుచున్నది. సుమారు 18 అడుగుల వ్యాసముగల ఆ గుహ పైకప్పు లోపలిభాగమున, మధ్యనుండి అన్నివైపులకు వ్యాపించు వాసములు, వాటిని చుట్టు వలయములు రాతిలో చెక్కబడియున్నవి. రాతికి వాసముల అవసరము లేదు. అది తాటాకు కప్పిన గుండ్రని ఇంటికి రాతి నకలు. మన తీరపు చుట్టిల్లు లోపల నిలిచి పైకి చూచినవారికి ఆ దృశ్యము క్రొత్త కాదు. అనగా ఔగుస్తు సమాధికి పునాది వేయుటకు ముందే, గోదావరికి దగ్గరలోనే, నాభి, ఆకులు, వలయములు కూడిన నిర్మాణక్రమము పనివారి చేతులలో ఉన్నది.

ఇక్కడ మేమును మా ప్రశ్నలకు లోబడవలెను. గుంటుపల్లి ఆకులు పైకప్పులోనివి, ఆదుర్రు ఆకులు పునాదిలోనివి. ఒకటి బరువును దింపును, మరియొకటి మట్టిని ఆపును. కప్పునుండి పునాదికి ఆ ఊహ దిగివచ్చెనని చూపు మధ్యస్థ కట్టడము మన చేతిలో లేదు. కనుక గుంటుపల్లి రోమా వాదమును కొట్టివేయదు. రోమా లేకుండ వివరణ సాధ్యము కాదను మాటను మాత్రము కొట్టివేయును. గాంధారములో, యవనుల రాజ్యములు నిలిచిన నేలమీద, కువాయామా ఊహ బలమైనదే కావచ్చును. ఆంధ్రకు దానిని యథాతథముగా విస్తరించుటకు ఆధారము చాలదు.

4. ధర్మచక్ర వాదము

మరికొందరు ఈ ప్రణాళికను బుద్ధుని ధర్మచక్రముగా వివరింతురు. లోపల దాగియున్నందున అది చిహ్నము కాజాలదని చెప్పరాదు. ధాతుకరండమును కూడ దాచియే పెట్టుదురు. అయితే రెండు అభ్యంతరములు కలవు. అష్టాంగ మార్గమునకు గుర్తైనచో ఆకులు ఎల్లప్పుడు 8 ఉండవలెను. 4, 6, 10 కూడ ఉన్నవి. మరియు కంకాళీ తిలా స్తూపము జైనులది. ఒకే పద్ధతిని రెండు మతములవారు వాడినప్పుడు, పద్ధతి ముందు వచ్చి అర్థము పిమ్మట చేరియుండుట సాధ్యము. స్వస్తిక విషయము వేరు. దానివలన బరువు విషయములో లాభము కనబడదు గనుక అది చిహ్నమే అనుట సమంజసము. ఒకే కట్టడములో ఒక భాగము అవసరమునకు, మరియొక భాగము అర్థమునకు ఉండవచ్చును.

ఈ పాఠము మన ప్రసంగవేదికకు సూటిగా తగులును. ప్రత్యక్షగుడారపు ప్రతి మేకునకు, ప్రతి దిమ్మకు, ప్రతి కొక్కెమునకు ఒక ఆత్మీయార్థము చెప్పుట మనలో అలవాటైనది. గుడారపు మేకు మొదట గుడారమును గాలికి ఎగిరిపోకుండ నిలుపుటకే. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక రచయిత 9:5లో కెరూబులవరకు వచ్చి, వాటిని వివరముగా చెప్పుటకు ఇది సమయము కాదని ఆగిపోయెను. ఆయన ఆగినచోట మనమును ఆగుట నేర్చుకొనవలెను.

5. తోమా, శిల్పి, మన ప్రసంగములు

తోమా కార్యములు అను గ్రంథమును గూర్చి చెప్పక తప్పదు. మూడవ శతాబ్దపు తొలిభాగమున సిరియా ప్రాంతమున పుట్టిన ఈ అపోక్రిఫా గ్రంథములో అపొస్తలుడైన తోమా శిల్పిగా అమ్మబడి, హబ్బాను అను వర్తకునితో కలిసి గుండఫరు రాజు యొద్దకు వచ్చును. గుండఫరు నిజముగా ఉన్న రాజని అతని నాణెములు, తఖ్త్-ఇ-బాహి శాసనము తెలుపుచున్నవి. అతని రాజ్యములో తక్షశిల కలదు. తక్షశిలలో 16 ఆకుల స్తూపము కలదు. ఇక ఊహకు అడ్డమేమున్నది? సిరియా శిల్పి, రోమా పద్ధతి, తక్షశిల స్తూపము, అక్కడనుండి ఆంధ్ర. ఇట్టి గొలుసు వేదికమీద చెప్పుటకు ఇంపుగా ఉండును.

అయితే గొలుసులోని ప్రతి లంకెయు "కావచ్చును" అనునదే. నాలుగు "కావచ్చును"లు కలిసి ఒక "అయినది" కానేరవు. అంతేకాదు, ఆ గ్రంథమును చదివినవారు ఎరుగుదురు: తోమా రాజభవనమునకు ఇచ్చిన ధనమును బీదలకు పంచిపెట్టెను, భవనము పరలోకమున లేచినది. తక్షశిలలో అతడు ఒక్క ఇటుక పేర్చెనని ఆ గ్రంథమే చెప్పలేదు. శిల్పకళకు సాక్ష్యముగా దానిని తెచ్చువారు అది చెప్పదలచిన దానిని విడిచిపెట్టుచున్నారు.

గుంటుపల్లిలోని అర్ధచంద్రాకారపు వెనుకగోడగల ఇటుక చైత్యముల శిథిలములను చూచి, ఇవి మన దేవాలయములవలె ఉన్నవే అని ఆశ్చర్యపడువారును కలరు. 19వ శతాబ్దములో జేమ్స్ ఫెర్గుసన్ కూడ కార్లే చైత్యమును ప్రాచీన క్రైస్తవ దేవాలయముతో పోల్చెను. పోలిక నిజమే. సమూహము కూడుకొనుటకు పొడవైన శాల, ఆరాధ్య స్థానము చుట్టు గుండ్రని కొస అవసరమైనచోట ఇట్టి రూపము రెండు దేశములలోను పుట్టగలదు. అయితే గుంటుపల్లి క్రైస్తవ సంఘము పుట్టకముందే ఆరంభమైనది.

6. ఎవరు ఎవరికి ఋణపడిరి?

భారతీయులు రాతికట్టడమును గ్రీకుల సంపర్కము తరువాతనే ఆరంభించిరని ఫెర్గుసన్ వాదించెను. రాజేంద్రలాల్ మిత్ర దానిని ఖండించెను. ఫెర్గుసన్ 1884లో ఆయనకు ప్రత్యుత్తరముగా ఒక పుస్తకమే ప్రచురించెను. అందులోని స్వరము పండితవాదమును దాటి, పాలకుడు పాలితునితో మాట్లాడు స్వరమైనది. కువాయామాకు అట్టి ఉద్దేశము అంటగట్టుట అన్యాయము. అయినను, ఇక్కడ ఏది గొప్పదిగా కనబడినను అది పడమటినుండి వచ్చియుండవలెనను అలవాటు మనలో ఇంకను చావలేదు. మిషనెరీల సేవవలన వెలుగు చూచిన సంఘములకు ఆ అలవాటు మరింత సులభము.

ఇందుకు ఎదురుగా, అరువు తెచ్చుకొనుట సిగ్గు అని వాదించుటయు పొరపాటే. సొలొమోను మందిరపు ఇత్తడి పనికి తూరునుండి హీరామును పిలిపించిరని 1 రాజులు 7:13-14 దాచక చెప్పుచున్నది. సిరియాలోని ఐన్ దారా ఆలయపు ప్రణాళిక సొలొమోను మందిరమును ఎంతో పోలియున్నది. దానివలన మందిరపు పరిశుద్ధత తగ్గలేదు. అక్కడ పనివాని పేరు, ఊరు, తల్లి గోత్రము వ్రాయబడినవి. అందుచేత అరువు అని నిశ్చయముగా చెప్పగలుగుచున్నాము. ఆదుర్రు విషయములో అట్టి సాక్ష్యము లేదు.

ఇది కేవలము పండితుల తగవు కాదు. కోనసీమలో డాక్టరు అంబేడ్కరును అనుసరించి బౌద్ధమును తమదిగా చేసికొనిన కుటుంబములు మన విశ్వాసుల ఇండ్ల ప్రక్కనే ఉన్నవి. తరచుగా ఒకే కులమువారు, ఒకే పేటవారు. వారి పూర్వికులు కట్టినదని వారు గౌరవించు స్తూపమును రోమావారి నకలని, మరింత ముందుకు పోయి తోమా శిష్యుల పనియని, ఆధారము లేక మనము వేదికనుండి పలికినచో నిర్గమకాండము 20:16లోని ఆజ్ఞను మీరినవారమగుదుము. పొరుగువానిపై అబద్ధసాక్ష్యము న్యాయస్థానములోనే పలుకబడునది కాదు.

ముగింపు

కువాయామా సిద్ధాంతము ఒక మంచి ప్రశ్నను లేవనెత్తినది. కాలక్రమము దానికి అనుకూలము. వచ్చిన దారి నిరూపింపబడలేదు. అనుకరణకు మాత్రమే చెందు సామ్యము కనబడలేదు. డెల్టా మట్టి, ఇటుకల పొదుపు, గుంటుపల్లి సంప్రదాయము దగ్గరి వివరణను ఇచ్చుచున్నవి. కనుక ఆంధ్ర స్తూపముల విషయములో దానిని సాధ్యమైన ఊహగా ఉంచుకొనవచ్చును గాని స్థిరపడిన సత్యముగా బోధింపరాదు. స్తూపము లోపలి నింపుడు మట్టిని, అడ్డగోడల అడుగుమట్టమును కొలిచి పోల్చు పరిశోధన జరిగినచో ఈ తీర్పు మారవచ్చును.

సెమినరీలలో పాతనిబంధన బోధించువారికి ఒక సూచన. మందిరమును గూర్చిన పాఠమునకు ముందు విద్యార్థులను ఒకదినము ఆదుర్రుకు గాని గుంటుపల్లికి గాని తీసికొనిపోవుడి. అక్కడ అర్థము అడుగకుడి. ప్రణాళిక గీయుమని, ఏ గోడ ఏ బరువును మోయుచున్నదో వ్రాయుమని చెప్పుడి. అక్కడి కాపలావారిని, ఊరి పెద్దలను అడిగి వారు చెప్పునది వినుమని చెప్పుడి. ఆ పిమ్మట తరగతికి వచ్చి 1 రాజులు 6వ అధ్యాయము తెరచినప్పుడు, మూరలు, దూలములు, ప్రక్కగదులు అని చదువుచు మనము సాధారణముగా దాటిపోవు వచనములయొద్ద వారు ఆగి ప్రశ్నలు అడుగుదురు.